కొత్త కెర్నల్‌కి కనబడని మిషను

లాగ్ 1. సోమవారం

మేముండే ఏడో తెప్ప మీద కంప్యూటరు పెట్టెలో కొత్త కెర్నల్ వేశాను. వేసిందీ, రాస్తున్నదీ మడ్డు బైరాగి. పెట్టెలో ఏ మార్పు చేసినా చేసినవాడే లాగ్ రాయాలని ఒడ్డు ఆఫీసు నియమం. రాసింది వాళ్లు చదివిన పాపాన పోరు. రాయకపోతే మాత్రం ఊరుకోరు.

ఇష్టమై వేసింది కాదు. పాత కెర్నల్ ఏ పేచీ పెట్టకుండా నడుస్తోంది. కానీ ఈ ఆషాఢం నుంచి పాతదానితో మాట్లాడబోమని ఒడ్డు వాళ్లు తేల్చేశారు. వాళ్లు మాట్లాడకపోతే తుఫాను కబురు రాదు. తుఫాను కబురు తెలియని తెప్ప నడిసముద్రంలో ఎన్నాళ్లు ఉంటుంది? అందుకని నోరు మూసుకుని వేశాను.

"కెర్నలంటే ఏటిరా?" అంది నేను అప్ప అని పిలిచే మా అక్క దాలమ్మ, పక్కనే కూర్చుని వల బాగుచేస్తూ.

"పెట్టెకి ఒక బుద్ధి ఉంతాదప్పా. మంచినీళ్ల మిషనేది, దీపాలేవి, మబ్బు కెమెరా ఏది అని గుర్తుపట్టి, ఒక్కోదానితో దాని బాసలో మాటాడతాది. ఆ బుద్ధే కెర్నలు."

"అయితే నీకెందుకు కొత్తది ఎయ్యరు?"

చుట్ట వెలిగిన కొస నోట్లోకి పెట్టుకుని మరీ ఆ మాట అనగలదు మా అప్ప. తెప్ప మీద నిప్పు నిషేధం. తన నిప్పు తన నోట్లోనే ఉంది కాబట్టి తనకు నిషేధం లేదని ఆమె వాదన. ఇంతవరకూ ఎవరూ ఆమెతో గెలవలేదు.

మా తెప్పల మీద ఒక కట్టుబాటు ఉంది. కొత్త వస్తువు ఏది ఎక్కినా దాని పాతది ఆ పూటే నీళ్లలోకి దిగాలి. మంచమైనా సరే, తపేలా అయినా సరే. పాతవీ కొత్తవీ రెండూ ఉంచుకుంటూ పోతే తెప్ప బరువెక్కి ఒక పక్కకి ఒరుగుతుంది. పాత కెర్నల్ ఉన్న కార్డు గోరంత ఉంటుంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. అయినా కట్టుబాటు కట్టుబాటే. తెప్ప పెద్ద డిల్లేశ్వరరావు పళ్లెంలో పసుపు, కుంకుమ పెట్టించాడు. ఆయన మా అప్పకు మరిది, నాకు బావ వరస. వయసులో పెద్దామె చేత్తోనే దింపాలి గనక కార్డు మా అప్ప చేతికిచ్చాం. చుట్ట తీసి పక్కనపెట్టి, "ఇన్నాళ్లూ మమ్మల్ని సూసుకున్నావు, ఎల్లిరా తల్లీ" అని సముద్రంలో వదిలింది. అందరం దండం పెట్టాం. నేనూ పెట్టాను.

కొత్తది బాగానే ఉంది, కాదనను. మంచినీళ్ల మిషను ఇదివరకంత మూలగడం లేదు. ఒడ్డు కబుర్లు గరగర లేకుండా స్పష్టంగా వినబడుతున్నాయి. పిల్లగుంటలకు పాయసం పెట్టారు.

అంతా సర్దుకున్నాక వెనకగదిలోకి వెళ్లి, రేపటి వంతుకి రక్తం కడిగే మిషను సిద్ధం చేద్దామని మీట నొక్కాను. పెట్టె తెర మీద ఒకే ముక్క వచ్చింది. పరికరం కనబడలేదు.

ఈ మిషను ఊసు లాగ్‌లో రాయకూడదు. ఒడ్డుకి పంపేటప్పుడు ఈ భాగం తీసేస్తాను.

లాగ్ 2. మంగళవారం

మిషను సంగతి రాయకూడదు అన్నాను కదా, ఎందుకో కూడా రాసేస్తాను. ఎలాగూ తీసేసేదే.

మా వాళ్ల కిడ్నీలు పాడవుతాయి. ఒడ్డున ఉన్న రోజుల్లోనూ పాడయ్యేవి, తెప్పలెక్కాకా పాడవుతున్నాయి. ఎందుకో ఎవరూ తేల్చలేదు. కానీ ఏ తెప్ప మీదైనా అలాంటి మనిషి ఉన్నట్టు తెలిస్తే, ఆ తెప్ప నీళ్లు చెడ్డవని ఒడ్డు ఆఫీసు ముద్ర వేస్తుంది. తెప్ప విప్పేసి మనుషుల్ని తలోచోటికి పంచుతుంది. మూడో తెప్పను అలాగే విప్పారు. అన్న ఒక చోటికి, తమ్ముడు ఒక చోటికి. అప్పటి నుంచి ప్రతి ఏడూ జబ్బు మనుషులెంతమంది అని ఒడ్డు అడగడం, అన్ని తెప్పలూ "ఎవరూ లేరండీ" అనడం ఆనవాయితీ. మా మిషను ఒక పాత ఓడలోని ఆస్పత్రి నుంచి దించుకున్నది. మా తెప్ప మీద ఇప్పుడు దాని అవసరం ఒక్కరికే ఉంది. మా అప్పకి. రోజు విడిచి రోజు రక్తం కడగాలి. సూదులు గుచ్చేది నా భార్య తవిటమ్మ.

ఈరోజు అప్ప వంతు. వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. నేను పెట్టె ఆపి మళ్లీ వేశాను. వైరు పీకి పెట్టాను. వైరు మార్చాను. వేరే సాకెట్టులో పెట్టాను. తెర మీద పరికరాల జాబితా తీస్తే అందులో మబ్బు కెమెరా ఉంది, చేపల్ని చూపే మిషను ఉంది, మరుగుదొడ్డి మోటారు కూడా ఉంది. అప్ప మిషను మాత్రం లేదు. అడుగున ఎక్కడో "గుర్తు తెలియని వస్తువు" అని ఒక వరస ఉంది. వైరు పీకితే ఆ వరస పోతోంది, పెడితే వస్తోంది. అంటే అదే. పెట్టె దాన్ని చూస్తోంది, ఎవరో మాత్రం దానికి తెలియడం లేదు.

"మరుగుదొడ్డిని గుర్తుపట్టినాది గానీ నన్ను గుర్తుపట్టనేదేటి?" అంది అప్ప. తవిటమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒడ్డు ఆఫీసుకి రేడియో చేశాను. హైమవతి అని ఒకామె పలికింది. మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాదగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

"ఏ పరికరం కనబడటం లేదండీ?"

ఏమని చెప్పను? "నీళ్ల పంపు" అన్నాను.

"పాత కెర్నల్‌కి తిరిగి వెళ్లి చూడండి. పాత కార్డు భద్రంగా ఉంచుకోమని సూచనల్లో రాశాం కదండీ."

"అది నిమజ్జనం చేశామమ్మా."

"నిమజ్జనం అంటే?"

"పసుపు కుంకుమ పెట్టి సముద్రంలో కలిపాం."

ఆమె ఆ మాట రాసుకున్నట్టుంది. తర్వాత, భద్రత దృష్ట్యా పాత కెర్నల్‌ను తమ దగ్గర కూడా పూర్తిగా తొలగించారని చెప్పింది. నీళ్ల పంపులకి సంబంధించిన డ్రైవర్ పంపిస్తాను, అది వేసి చూడండి అంది. డ్రైవర్ అంటే కెర్నల్‌కి ఒక్కో మిషను బాస నేర్పే ముక్క. సరేనన్నాను. అప్పని ఇంటికి వెళ్లిపొమ్మన్నాను.

"రేపు పిలుత్తావా?" అంది.

"రేపు పిలుత్తాను."

లాగ్ 3. బుధవారం

పంపు డ్రైవర్ వచ్చింది. వేస్తే పెట్టె ఒప్పుకోలేదు. బలవంతంగా వేసే దారి ఒకటి ఉంది, హైమవతి అది కూడా చెప్పింది. వేశాను. అప్ప మిషను మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. తవిటమ్మ చేతులు జోడించింది.

అప్పని కూర్చోబెట్టే ముందు పసుపు నీళ్లతో పరీక్ష చేద్దామన్నాను. ఆ ఒక్క తెలివైనా నాకున్నందుకు దేవుడికి దండం. మీట నొక్కగానే మోటారు నిజంగా నీళ్ల పంపులాగే తిరిగింది. బావిలోంచి తోడే వేగంతో. గొట్టం ఊడి పసుపు నీళ్లు గోడ మీద, కప్పు మీద, తవిటమ్మ చీర మీద పడ్డాయి.

మా అప్ప గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"నా రగతమయితే ఎర్రగా పడును గావాల," అంది.

"నోరు ముయ్యప్పా," అన్నాను. అలా అనకూడదు, పెద్దది. కోపం ఆమె మీద కాదు.

మళ్లీ ఒడ్డుకి చేశాను. హైమవతి పంపు ఫోటో అడిగింది. కెమెరా పనిచేయడం లేదన్నాను. పంపు మీద ఉన్న నంబరు అడిగింది. అరిగిపోయిందన్నాను. "అది ఎన్ని నీళ్లు తోడే పంపండీ?" అంది. ఆమె అడిగినదానికల్లా నేను లేని పంపు గురించి చెబుతున్నాను. లేని పంపుకి ఆమె పాపం మనసుపెట్టి వైద్యం చేస్తోంది. పిత్తం ఉంచుకుని వాతమని చెప్పేవాడికి ఏ వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు.

అప్ప కాళ్లు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

లాగ్ 4. గురువారం

మిగతా తెప్పల వాళ్లను అడుగుదామనిపించింది. ఎవరి దగ్గరైనా పాత కార్డు ఉండకపోతుందా అని. ఆఖరుగా కెర్నల్ మార్చింది పదకొండో తెప్ప. అక్కడ పెట్టె చూసేవాడు జోగులు నాకు ఎరుకే.

"పాత కార్డుందా జోగులూ?"

"నేదు బైరాగీ. నిన్ననే దించీసినాం. మేళం పెట్టి మరీ దించినాం. నీకెందుకు?"

"ఊరికే."

"నీకాడ ఉందేటి?" అన్నాడు జోగులు.

"నేదు. నీకెందుకు?"

"నాకూ ఊరికే."

ఇద్దరం రేడియో కట్టేశాం. తర్వాత తొమ్మిదో తెప్పను అడిగాను, నాలుగో తెప్పను అడిగాను. అందరూ దించేశారు. అందరూ "నీ దగ్గరుందా" అని తిరిగి అడిగారు. ఎవరూ ఎందుకో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇంతమందికి ఊరికే కావాల్సి వచ్చిందా ఆ కార్డు? అందరం ఒకే గోతిలో పడి, ఎవరికి వారు నేను మాత్రం గట్టునే ఉన్నానని చెప్పుకుంటున్నాం.

అప్ప ఈరోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఊసేసింది. ఇనుము నాకినట్టుందట. చుట్ట కూడా వద్దంది. అది విన్నాక నాకు నిజంగా భయమేసింది.

లాగ్ 5. శుక్రవారం

తవిటమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మిషను పక్కన చేతిపిడి ఉంది. కరెంటు పోతే గొట్టంలో రక్తం ఆగిపోకుండా తిప్పుకోవడానికి పెట్టింది. పెట్టె లేకుండా, కెర్నల్ లేకుండా, మొత్తం చేత్తోనే ఎందుకు కడగకూడదు అంది.

ఎందుకు కడగకూడదో నాకు తెలుసు. కడిగే నీళ్లలో ఉప్పులు కలిపేది మిషను. వాటిని ఒంటి వేడికి తెచ్చేది మిషను. గొట్టంలో గాలిబుడగ వస్తే పట్టుకుని ఆపేది మిషను. బుడగ లోపలికి వెళ్తే మనిషి అక్కడికక్కడే పోతుంది. కానీ అప్ప మెట్టు ఎక్కడానికే ఆయాసపడుతోంది. ఇంక వేరే దారి ఏముంది?

ఉప్పులు తవిటమ్మ కొలిచి కలిపింది. బిందెలు ఎండలో పెట్టి వెచ్చబెట్టాం. ఒక బిందె ఎత్తు మీద కట్టి, ఇంకోటి కింద పెట్టాం. తెప్ప మీద మగాళ్లందరూ వంతులేసుకున్నారు, పిడి తిప్పడానికి. డిల్లేసు బావ గొట్టం ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు, బుడగ కోసం. రెప్ప వేయడానికి కూడా భయపడ్డాడు. పక్కవాడు పలకరిస్తే కసిరాడు.

"పెల్లిసూపులప్పుడు కూడా నన్నెవులూ ఇంత సూడనేదు," అంది అప్ప.

"మాటాడకు వొదినా," అన్నాడు బావ, కళ్లు తిప్పకుండా.

పిడి తిప్పే చెయ్యి మారినప్పుడల్లా వేగం మారుతోంది. ఒకడు గబగబా తిప్పుతాడు, ఇంకొకడు మెల్లగా. నేను పక్కన నిలబడి పాట కట్టినట్టు లెక్క చెప్పాను, "లాగు, ఒగ్గు, లాగు, ఒగ్గు" అని. కొంతసేపు అది కుదిరింది. నిజంగా కుదిరింది. అప్ప మొహం తేటపడింది. "ఊపిరాడతన్నాదిరా" అంది. మనుషులం మేమే ఒక మిషనయ్యాం అనిపించి నాకు గర్వం కూడా వచ్చింది.

తర్వాత అప్పకు చలి పుట్టింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. బిందెలో నీళ్లు చల్లారిపోయాయని మేం చూసుకునేలోగా వడపోత గొట్టంలో రక్తం నల్లగా గడ్డకట్టింది. ఆపేశాం. ఆ గొట్టం ఇంక పనికిరాదు. లోపల చిక్కిన రక్తం పోయింది, దాన్ని తిరిగి ఎక్కించలేం. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు కూడా దాంతో అయిపోయింది.

పిడి తిప్పినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డిల్లేసు బావ మాత్రం పీట మీదే కూర్చుండిపోయాడు, ఖాళీ గొట్టం వైపు చూస్తూ.

లాగ్ 6. ఆదివారం

నిన్న రాయలేదు. రాయడానికేమీ లేదు. పెట్టె ఆపాను, వేశాను. ఆపాను, వేశాను. అలా చేస్తే ఏమీ కాదని నాకు తెలుసు.

ఈ ఉదయం డిల్లేసు బావ దగ్గరికి వెళ్లి, ఒడ్డుకి నిజం చెప్పేస్తానన్నాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"సెప్తే తెప్ప ఇప్పెస్తారు బైరాగీ. గుంటలు, ముసిలోలు తలో దిక్కూ అయిపోతారు. వొదినంటే నాకు పేనం కాదేటి? మా అన్న పోయినకాడి నుంచి నాకు అన్నం ఎట్టింది ఆవిడే. గానీ ఒక్క మనిసి కోసం..." అని ఆగిపోయాడు.

ఈ సంగతి అప్పకు ఎవరు చెప్పారో, పదిమంది ముందూ మంచం మీద లేచి కూర్చుంది. "నా ఊసు ఒడ్డుకి సెప్పినోడు నా సావు సూసినట్టే," అంది. "బతికినన్నాళ్లు బతికినాను. నా మూలాన తెప్ప ఇప్పితే నానొల్లను." అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఎంత పెద్ద మనసు అనుకుంటూ వెళ్లారు.

అందరూ వెళ్లాక నేను ఆమె కాళ్లకు తడిగుడ్డ పెడుతున్నాను. కాళ్లు బరువుగా, చల్లగా ఉన్నాయి. చాలాసేపు ఊపిరి కూడగట్టుకుని పిలిచింది.

"ఒరే బైరాగీ."

"ఏటప్పా?"

"నాకు బతకాలనుందిరా."

ఇంకేమీ అనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. పదిమంది ముందు అన్నది ఊరి కోసం, ఇది మాత్రం నాకొక్కడికే చెప్పింది. గుడ్డ అక్కడే పడేసి పెట్టె గదికి పరిగెత్తాను.

అది తుఫాను కబురు వేళ, అన్ని తెప్పల రేడియోలూ తెరిచే ఉంటాయి. ఒడ్డుతో మాట్లాడితే అన్ని తెప్పలకూ వినబడుతుంది. వినబడనీ అనుకున్నాను.

"హైమవతమ్మా, నాది నీళ్ల పంపు కాదు. రక్తం కడిగే మిషను. మా అప్పకి కిడ్నీలు లేవు. మిషను ఆగిపోయి వారమవుతోంది. ఆమె చచ్చిపోతోంది."

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదండీ?" అంది. గొంతులో మర్యాద లేదు. మనిషి గొంతు అది. "ఆ డ్రైవర్ మా దగ్గర ఉండేది. ఏ తెప్ప మీదా అలాంటి మిషను వాడటం లేదని, అలాంటి జబ్బే లేదని మీరే కదా ప్రతి ఏడూ చెప్పింది. ఎవరూ వాడనిదాన్ని ఎందుకు మోయాలని కొత్తదాంట్లోంచి తీసేశారు. తీసేయడానికి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను."

తప్పు వాళ్లదని తిట్టడానికి ఇన్నాళ్లూ దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

అప్పుడు రేడియోలో ఇంకో గొంతు వచ్చింది. జోగులు. "పదకొండో తెప్పమ్మా. మాకాడా ఉంది మిషను. మా మామకి." తర్వాత తొమ్మిదో తెప్ప పలికింది. తర్వాత నాలుగో తెప్ప నుంచి ఒక ముసలామె, "నాకేనమ్మా, నాకే జబ్బు" అంది. ఒక్కొక్కరే వస్తున్నారు. హైమవతి పేర్లు రాసుకుంటూ, ఏడుస్తూనే "ఇంకెవరైనా ఉన్నారా, చెప్పండి" అని అడుగుతోంది.

డ్రైవర్‌ను కొత్త కెర్నల్‌కి సరిపోయేలా మళ్లీ తయారుచేయాలట. ఎంత తొందరపడినా రెండు మూడు రోజులు పడుతుందంది. ఈలోగా వైద్యుల పడవ పంపిస్తామంది.

లాగ్ 7. సోమవారం

పడవ బయల్దేరింది. గాలికి నిలవలేక వెనక్కి వెళ్లింది. ఒడ్డున తుఫాను ఎర్రజెండా ఎగరేశారు.

హైమవతి మాటిమాటికీ రేడియో చేస్తోంది. చేసే పని చెబుతోంది. పాత డ్రైవర్ రాసినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరట, వాళ్లు రాసింది చదివి అర్థం చేసుకోవడానికే రోజు పట్టిందట. "మీ అక్కగారిని నీళ్లు ఎక్కువ తాగనివ్వకండి" అంది. ఆ మాట మాకు చెప్పనక్కర్లేదు. కిడ్నీలు పోయినప్పటి నుంచి మా అప్ప గుక్క లెక్కపెట్టుకుని తాగుతోంది. ఎండాకాలంలో నిమ్మచెక్క నోట్లో పెట్టుకుని ఊరుకునేది.

డిల్లేసు బావ వచ్చి పెట్టె గది గుమ్మంలో కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. "కానీరా, ఇప్పితే ఇప్పనీ" అన్నాడు. తర్వాత, "బేగి రమ్మను ఆ డ్రైవరుని" అన్నాడు, అదెవరో మనిషన్నట్టు. నేను సరిదిద్దలేదు.

లాగ్ 8. మంగళవారం

మధ్యాహ్నం అప్ప నీళ్లు అడిగింది. తవిటమ్మ మామూలుగా కొలగ్లాసు తెచ్చింది. అప్ప తల అడ్డంగా ఊపింది.

"సెంబుతో తే."

తవిటమ్మ నా వైపు చూసింది. వద్దనాలి. వద్దని ఎన్నేళ్లుగా అంటున్నాను. ఈసారి అనలేకపోయాను.

తవిటమ్మ చెంబు నిండా తెచ్చి, వీపు కింద చెయ్యి వేసి లేపి, పట్టింది. అప్ప ఆపకుండా తాగింది. నీళ్లు గడ్డం మీద నుంచి, మెడ మీద నుంచి కారాయి. సగం అయ్యాక ఊపిరి పీల్చుకుని, మిగతాది కూడా తాగేసింది.

"సల్లగున్నాయి," అంది. "తవిటీ, ఎంత బాగున్నాయే."

ఆ తర్వాత గురక పట్టింది. తవిటమ్మ ఒక చెయ్యి పట్టుకుంది, నేనొకటి పట్టుకున్నాను. రక్తం కడగడానికి గుచ్చిన సూదుల గుర్తులు ముంజేతి నిండా ఉన్నాయి. పెట్టె గదిలో రేడియో మోగుతూనే ఉంది. వెళ్లి ఎత్తలేదు. పొద్దు వాలకముందే అప్ప పోయింది.

నేను ఏడ్చాను. లాగ్‌లో ఇలాంటివి రాయకూడదని నియమం ఉంటే ఉండనీ.

లాగ్ 9. గురువారం

నిన్న అప్పని సముద్రానికి ఇచ్చాం. రేడియో కట్టేసి ఉంచాను. నాతో ఎవరూ మాట్లాడకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఈ ఉదయం రేడియో తెరిచి పెట్టె చూస్తే డ్రైవర్ రాత్రే వచ్చి ఉంది. వేశాను. ఎందుకు వేశానంటే, వచ్చినదాన్ని వేయడం నా పని. వేరే ఏం చేయాలో కూడా నాకు తెలియలేదు. పెట్టె ఆపి మళ్లీ వేయగానే వెనకగదిలో మిషను చిన్నగా మూలిగి, తనంతట తాను గొట్టాలు కడుక్కోవడం మొదలుపెట్టింది. తవిటమ్మ ఆ చప్పుడు విని పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి ఒడ్డు నుంచి పిలుపు. హైమవతి కాదు, ఎవరో మగగొంతు. ఆమె మూడు రోజులు నిద్ర లేకుండా పనిచేసి ఇంటికి వెళ్లిందట. ఇతను వరసగా తెప్పల్ని పిలుస్తున్నాడు. నాలుగో తెప్ప, మిషను కనబడింది, ఒకరు, కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిదో తెప్ప, కనబడింది, ఇద్దరు. పదకొండో తెప్ప జోగులు సంతోషం ఆపుకోలేక, మామకి రక్తం కడుగుతున్న చప్పుడు వినమని రేడియోని మిషను దగ్గర పెట్టాడు. అన్ని తెప్పలూ ఆ చప్పుడు విన్నాయి. నేనూ విన్నాను. జోగులు మీద నాకు కోపం రాలేదు, అది మాత్రం నిజం.

"ఏడో తెప్ప. మిషను కనబడిందాండీ?"

"కనబడింది బాబూ."

"పేషెంట్లు ఎంతమంది?"

"ఎవరూ లేరు."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"ఏడో తెప్పే కదండీ? ఇక్కడ ఒకరు ఉన్నట్టు రాసి ఉంది. చూడండి, ఇంక దాచాల్సిన పని లేదు. ఏ తెప్పనీ విప్పకూడదని నిన్ననే ఆర్డరు వచ్చింది. భయపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంతమంది?"

గుమ్మంలో డిల్లేసు బావ నిలబడి ఉన్నాడు. ఆయన నా వైపు చూడలేదు.

"ఎవరూ లేరు బాబూ," అన్నాను. "దాచడం లేదు. నిజంగానే ఎవరూ లేరు."